చింతగింజల లెక్క

పలక మీద మూడు దెబ్బలు పడతాయి. కాసేపాగి మళ్లీ మూడు. 2024 డిసెంబరు, పొద్దు గూకే వేళ. అనంతపురం జిల్లాలో తారు రోడ్డు వదిలి లోపలికి తిరిగిన పల్లె ఇది. పేరు ఏదైనా అనుకోండి. పెరట్లో చెనక్కాయ కట్టె వామి, చేలో ఎండిన బోరు, బెంగళూరులో కొడుకు. ఈ మూడూ ఉన్న ఇళ్లు ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి.

"రేపు పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసు కాడ గ్రామసభ! ఊరికి ఏమేం పనులు కావల్లో చెప్పుకునేదానికి అందరూ రావల్ల!"

దండోరా వేసే అన్న వెనకే మీరూ నడుస్తున్నారు. పంచాయతీ ప్రణాళిక తయారీలో సాయం చేయడానికి మండలం నుంచి వచ్చిన బృందంలో మీరొకరు. చంకలో చార్టులు, జేబులో స్కెచ్ పెన్నులు, సంచిలో ముగ్గుపిండి, ఇటుక పొడి, చింతగింజలు. గుడి ముందు పలక మోగింది. టీ కొట్టు దగ్గర మోగింది. బడి మలుపులో మోగింది. వంక ఒడ్డుకు రాగానే అతను వెనక్కి తిరిగాడు. వంక అవతల ఎస్సీ కాలనీ.

"ఆ పక్కకు పోవద్దా అన్నా?"

"ఈడ కొడితే ఆడికీ ఇనపడతాది సార్."

తేల్చుకోవడం తేలికే. మీరు వంక దాటి మొదటి ఇంటి ముందు నిలబడి చెయ్యి ఊపుతారు. అతను అవతల నుంచి పలక కొట్టి అరుస్తాడు. దెబ్బలు వినిపిస్తాయి, మాట ఒక్కటీ అందదు. మీరు తల అడ్డంగా ఊపితే నవ్వుకుంటూ అతనే వంక దాటి వస్తాడు.

కాలనీలో గడప దగ్గర చేటతో కందులు చెరుగుతున్న ఒకావిడ తలెత్తకుండానే జవాబిస్తుంది. "పదకొండుకా? తొమ్మిదికే కందికోతకు పోయింటాం. మళ్లా ఇంటికొచ్చేది మూడుకు. మొగోళ్లు పోతార్లే సార్."

పక్కింట్లోంచి ఇంకో గొంతు. "ఆగస్టులో ఒగసారి అడిగినారు కదా. మళ్లా ఏంది?"

అడిగిన మాట నిజమే. ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు ప్రధానంగా మాట్లాడింది ఉపాధి హామీ పనుల గురించి. ఇప్పుడు రాయబోయేది వచ్చే ఏప్రిల్ నుంచి పంచాయతీ తన డబ్బుతో, ఇతర శాఖల డబ్బుతో ఏం చేయాలన్న ఏడాది ప్రణాళిక. ఈ తేడా మీకు తెలుసు. గడప దగ్గర కూర్చున్న ఆవిడకు మాత్రం రెండూ ఒకటే. ఎవరో వస్తారు, అడుగుతారు, రాసుకుంటారు, పోతారు.

చట్టం చాలా స్పష్టంగానే ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. కేరళ 1996లోనే ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి, తన ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతికిచ్చింది. దేశమంతటా పంచాయతీలకు నేరుగా పెద్ద మొత్తం వచ్చింది మాత్రం 14వ ఆర్థిక సంఘం కాలంలో. 2015 నుంచి ఐదేళ్లకు రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా కేటాయించి, ఖర్చుకు ముందు ఊరు ప్రణాళిక రాసుకోవాలన్నారు. 2018 అక్టోబరు 2 నుంచి ఏటా ఈ కాలంలో అదొక ఉద్యమంగా సాగుతోంది. సభ పెట్టడం వరకు చట్టం చూసుకుంటుంది. ఆ సభకు ఎవరి మాట చేరుతుందన్నది మాత్రం గడియారం, దూరం, పక్కన కూర్చునే మనుషులు కలిసి తేలుస్తారు.

చీకటి పడే వేళకు మీరు సర్పంచ్ ఇంటి ముందున్నారు. సర్పంచమ్మ పొదుపు సంఘం నుంచి ఎదిగిన మనిషి. విషయం విని పంచాయతీ కార్యదర్శి వైపు చూస్తుంది. ఆయనకు ఫొటోల బెంగ. సభ ఫొటోలు వెలుతురుండగా తీయాలి, ఫోన్లో ఎక్కించాలి.

"నాలుగు గంటలకు పెట్టు సామీ. నేనూ చేన్లోనించే రావల్ల కదా" అంటుంది.

అంతే. రేపు పొద్దున్నే పలక ఇంకోసారి మోగుతుంది, ఈసారి వంకకు రెండు వైపులా.

రాత్రి ఎనిమిది. అన్నాలు అయ్యాయి. కాలనీ మధ్యలో వేపచెట్టు కింద చదునైన జాగా. కరెంటు స్తంభం ఉంది కానీ దానికి లైటు లేదు. నలుగురైదుగురు ఫోన్ల టార్చీలు పట్టుకుని నిలబడ్డారు. పాతిక మంది దాకా ఆడవాళ్లు, చుట్టూ పిల్లలు, దూరంగా అరుగుల మీద మగవాళ్లు.

"మన ఊరు గీద్దాం అక్కా" అని ముగ్గుపిండి గిన్నె ముందుకు జరుపుతారు మీరు.

"మీరే గీయండి సార్, మాకేం తెలుసు."

ఇక్కడ ఓపిక పట్టాలి. గిన్నె మీ చేతిలో ఉన్నంతసేపు ఎవరూ కదలరు. కింద పెట్టేసి రెండడుగులు వెనక్కి జరుగుతారు. గ్రామ సంఘం యానిమేటర్ కూడా జరుగుతుంది. నిమిషం గడిచాక ఒక కోడలు పిల్ల కొంగు దోపుకుని వంగుతుంది. వేళ్ల మధ్య నుంచి పిండి తెల్లటి గీతగా జారుతుంది. రోజూ వాకిట్లో గీసే చెయ్యి అది, ఒక్కసారీ తడబడదు.

ఆమె మొదట గీసింది గుడి కాదు, బడి కాదు, కొళాయి. ఆ కొళాయి నుంచి వీధి పుట్టింది, వీధి నుంచి ఇళ్లు పుట్టాయి. ఇక చేతులు పెరిగాయి. ఇటుక పొడితో రోడ్లు, పొయ్యి బూడిదతో మురుగు కాలువలు, వేపాకులతో చెట్లు. మరుగుదొడ్డి లేని ఇంటి మీద గాజు ముక్క పెట్టమంటే పిల్లలు పోటీపడి పెడుతున్నారు. "ఏయ్, మా ఇంటి మీద ఎందుకు పెడతాండావ్? మాకుండాది!" "ఉంటే కట్టెలు ఎందుకేసినారక్కా దాండ్లో?" నవ్వులు పడతాయి. ఏ దస్త్రంలోనూ లేని సంగతి ఒకటి మీ నోట్‌బుక్‌లోకి వస్తుంది. కట్టిన దొడ్డి వేరు, వాడే దొడ్డి వేరు.

బూడిద గీత వంక వరకు వచ్చి ఆగిపోయింది. పై వీధుల మురుగు కాలువ అక్కడితో అయిపోతుంది. నీళ్లు మాత్రం ఆగవు కాబట్టి కాలనీ మొదటి వరుస ఇళ్ల ముందు నిలుస్తాయి. ఊరి చివర ఇంకో గీత ఉంది, చుక్కలు చుక్కలుగా గీశారు. "అదేంటి?" అంటే కాసేపు ఎవరూ పలకరు. ఒక అవ్వ చెబుతుంది. "శ్మశానానికి దావ. దావంటే దావ కాదు, చేలల్లోనించి పోవల్ల. పైరుంటే పోనియ్యరు."

ఇలా మనుషుల చేతే పటం గీయించే పద్ధతి ఇండియా పల్లెల్లో 1980ల చివర వేళ్లూనుకుంది. దానికి పేరు తెచ్చిన బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ కొంతకాలం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పనిచేశాడు. అంతకుముందే 1983లో రాసిన పుస్తకంలో అధికారుల పల్లె పర్యటనల గురించి ఘాటైన మాటలు చెప్పాడు. తారు రోడ్డు పక్క ఊళ్లే చూస్తారు, వాన లేని నెలల్లోనే వస్తారు, మాట్లాడగలిగిన మగవాళ్లతోనే మాట్లాడతారు, అందుకే వాళ్లకు పేదరికం కనిపించదని. ఆ మాటల సత్తువ మీకు ఈ వేపచెట్టు కింద తెలుస్తుంది. పగటిపూట జీపులో వచ్చినవాళ్లకు లైటు లేని స్తంభం మామూలు స్తంభంలాగే కనిపిస్తుంది.

పటం మీద మాట్లాడుతూ మాట్లాడుతూ ఆరు అవసరాలు తేలాయి. తాగునీళ్లు, మురుగు కాలువ, వీధి దీపం, శ్మశానం దారి, అంగన్‌వాడీకి సొంత గది, కాలేజీ పిల్లలకు సాయంత్రం బస్సు. చదువు రానివాళ్లున్నారు కాబట్టి అట్టముక్కల మీద బొమ్మలు వేస్తారు. బిందె, కాలువ, బల్బు, పాడె, పలక, బస్సు.

ఇప్పుడు రెండేసి అట్టలు పట్టుకుని అడగాలి. ఈ రెండింటిలో ఏది ముందు? ఆరు అవసరాలంటే పదిహేను జతలు. బిందె ముందు ఏది పెట్టినా ఓడిపోయింది, అక్కడ వాదన లేదు. పాడె, కాలువ ఎదురెదురు పడేసరికి గొంతులు లేచాయి.

"దోమలతో పిల్లోళ్లకు జరాలు. కాలవే ముందు."

"జరమొస్తే ఆస్పత్రుంది. మొన్న మా మామను మోసుకుని పోయేటప్పుడు కందిచేను కాడ గంటసేపు దించి నిలబెట్టినారు మమ్మల్ని. ఆ గంట యాడ రాసుకుంటావ్ నువ్వు?"

ఇంకెవరూ మాట్లాడలేదు. పాడె గెలిచింది. తర్వాత కాలువ బల్బు మీద గెలిచింది. ఇక పాడె మీద కాలువ, కాలువ మీద బల్బు అని వరస తేలిపోయిందని మీరు గీత గీయబోతారు. తొందరపడొద్దు. బల్బునూ పాడెనూ పక్కపక్కన పెట్టి అడిగితే బల్బు గెలుస్తుంది. "సావు ఎప్పుడో వస్తాది. చీకటి దినామూ వస్తాది కదా."

లెక్క వేస్తే నీళ్లకు ఐదు, దారికి, కాలువకు, దీపానికి తలా మూడు, అంగన్‌వాడీకి ఒకటి, బస్సుకు సున్నా. మనుషుల మనసు మెట్ల వరసలో ఉండదు. ఒకదాని మీద ఒకటి గెలుస్తూ గుండ్రంగా తిరుగుతుంది. ఇలాంటప్పుడు పనికొచ్చేవే చింతగింజలు. మనిషికి పది ఇస్తారు. సమానంగా నిలిచిన మూడింటికి మూడు చెంబులు, మీద చిల్లుల మూతలు. ఎవరి గింజలు ఎందులో పడుతున్నాయో పక్కవాళ్లకు కనబడకూడదు. అత్త ముందు కోడలు, మేస్త్రీ భార్య ముందు కూలి ఆవిడ తమ మనసు చెప్పాలంటే ఆ మూత ఉండాలి. ఒకరొకరే వచ్చి వంగి వేస్తున్నారు. కొందరు పదీ ఒక్కదాంట్లో వేశారు. కొందరు చాలాసేపు ఆలోచించి విడగొట్టారు. చెంబులు బోర్లించి లెక్కబెడితే కాలువ ముందుంది, దారి దానికి చాలా దగ్గరగా ఉంది, దీపం వెనకబడింది.

అప్పుడు యానిమేటర్ ఒక పని చేస్తుంది. వెనక నిలబడ్డ డిగ్రీ పిల్లను పిలుస్తుంది. "బస్సు నువ్వే కదమ్మణ్ణీ చెప్పింది. సున్నా వచ్చింది. ఏమంటావ్?"

ఆ అమ్మాయి నేల చూస్తూ అంటుంది. "కాలేజీకి పోయేది మేం నలుగురమే అక్కా. ఆరున్నర బస్సు పోతే క్రాస్ కాడ దిగి చీకట్లో నడవల్ల. మా నాయన మాన్పిస్తానంటాండాడు."

నలుగురి అవసరం పాతిక మంది లెక్కలో ఎప్పుడూ ఓడిపోతుంది. దాని బరువు మాత్రం ఒక్కో ఇంట్లో ఒక చదువు. అంకెల పక్కన కారణం రాయని పట్టిక సగం పట్టికే. మీరు సున్నా కొట్టేయకుండా దాని పక్కన ఆ అమ్మాయి మాట యథాతథంగా రాసుకుంటారు.

తెల్లవారుజామున ఐదున్నర. మంచు పట్టింది. నీళ్లు వదిలే మనిషితో కలిసి మీరు ట్యాంకు దగ్గర నుంచి కిందికి నడుస్తున్నారు. నీళ్ల కోసం రాత్రి కాలనీ అడిగింది వేరే ట్యాంకు. అడిగింది రాసుకుంటే సరిపోదు, నడిచి చూడాలి. గేటు వాల్వు తిప్పగానే నేల కింద గుడగుడ శబ్దం. పై వీధిలో మొదటి ఇంటి కొళాయి కింద బిందె పెట్టి ఫోన్లో సమయం చూస్తారు. నిమిషం తిరక్కుండానే నిండింది. రెండో వీధిలో నడుస్తుంటే గోడల వెనక సన్నటి రొద, ఒక ఇంట్లో, ఆ పక్క ఇంట్లో, ఎదురింట్లో.

"ఏం చప్పుడన్నా అది?"

నీళ్లు వదిలే అన్న చలికి కండువా బిగించుకుంటాడు. "మోటర్లు సార్. కొళాయికే తగిలిచ్చి పైకి గుంజుకుంటారు. నేనేం చెప్పేది."

వంక దాటేసరికి ఆరు దాటింది. కాలనీ కొళాయిలో దారమంత నీళ్లు. బిందె కింద పెట్టి నిలబడతారు. పక్కన వరసలో ఉన్న బిందెలు మిమ్మల్ని చూస్తున్నట్టే ఉంటాయి. బిందె సగం నిండకముందే ధార తెగుతుంది. జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు రావాలి. కొళాయి ఉంది కాబట్టి కాగితం మీద ఈ ఇంటికి నీళ్లు వస్తున్నట్టే. రాత్రి వేపచెట్టు కింద ట్యాంకు అన్న మాటకు అర్థం ఇప్పుడు మారింది. ట్యాంకులో నీళ్లకు కొదవ లేదు. దారిలో వాటిని పట్టేస్తున్నారు. కొత్త ట్యాంకుకు లక్షలు పోసినా అదే పైపు మీద పెడితే అదీ ఖాళీగానే ఉంటుంది. కావాల్సింది మోటార్లు తీయించడం, కాలనీకి విడిగా ఒక లైను, దానికో వాల్వు. మొదటి పనికి రూపాయి ఖర్చు లేదు. అన్నిటికంటే కష్టమైన పని అదే.

ఏడు గంటలకు టీ కొట్టు. బల్లల మీద పేపర్లు, పొగలు కక్కే గ్లాసులు. ఇక్కడ పటం అడగకుండానే గీసేశారు, గుడి దగ్గర మొదలుపెట్టి. కోరికలు గబగబా వచ్చాయి. మెయిన్ వీధికి సిమెంటు రోడ్డు. ఊరి మొదట్లో స్వాగత తోరణం. వంకకు చెక్‌డ్యాం. పొలాలకు రస్తా. పశువులకు నీళ్ల తొట్టి. కాలనీ మాట ఎత్తితే "వాళ్లకు వేరే నిధులుంటాయి కదా సార్" అని ఒకాయన అమాయకంగానే అంటాడు.

మూల బెంచీ మీద పెద్దాయన గ్లాసు కింద పెడతాడు. "చంద్రబాబు అప్పట్లో జన్మభూమి పెట్టినాడు, తొంభై ఏడులో. అప్పుడూ ఇట్లే కూచోబెట్టి అడిగినారు. మేమూ రాళ్లు మోసినాం, మా వాటా పెట్టినాం. బడికి గది వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. మిగతావన్నీ ఏమైనాయో అడిగేదానికి ఎవురూ లేరు. సార్, రాసుకునేది సరే. ఏది కాలేదో, ఎందుకు కాలేదో చెప్పేదానికి మళ్లా ఎవురన్నా వస్తారా?"

మీ దగ్గర జవాబు లేదు. ప్రశ్నను మాత్రం రాసుకుంటారు. సాయంత్రం సభలో ముందు చదవాల్సింది కొత్త పట్టిక కాదు, నిరుటి పట్టిక అని అప్పుడే కార్యదర్శికి ఫోన్ చేసి చెబుతారు. ఆయన గొంతు సవరించుకుని "చూద్దాం సార్" అంటాడు.

నాలుగు గంటలు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా. ముందు వరుస ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయాయి. పొదుపు సంఘాల ఆడవాళ్లు పక్కగా పట్టాల మీద కూర్చుంటున్నారు. కాలనీ వాళ్లు కందికోత ముగించుకుని వచ్చారు, పైటల మీద ఇంకా ఎండుటాకుల నలుసులు. గోడకు రెండు చార్టులు వేలాడుతున్నాయి. రాత్రి పటానికి నకలు ఒకటి, పొద్దుటి కోరికల జాబితా ఒకటి.

మైకు మొదట సర్పంచ్ భర్త చేతిలోకి పోయింది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో సగం పదవులు మహిళలవి. మైకు మాత్రం చాలాచోట్ల ఇంటికి వెళ్లి తిరిగి వస్తుంది. ఆయన "మా ఊరు అన్ని రకాలా..." అని అందుకోగానే పట్టాల మీద నుంచి యానిమేటర్ లేచి నిలబడుతుంది. "అన్నా, సర్పంచమ్మ చెప్తే వింటాం." కోపం లేదు, ఎగతాళి లేదు. ఆయన నవ్వి మైకు భార్యకిస్తాడు. మొదటి రెండు వాక్యాలు ఆమె కాగితంలో చూసి చదువుతుంది. మూడో వాక్యానికి కాగితం మడిచేస్తుంది.

కార్యదర్శి నిరుటి పట్టిక చదివాడు. అయిన పనులు, కాని పనులు. కాని పనుల దగ్గర గొంతు తగ్గింది, వేగం పెరిగింది. "మెల్లగ చదువు సామీ" అని మూల నుంచి పెద్దాయన. మళ్లీ చదివాడు. ఆ నిమిషం తర్వాత సభలో కూర్చున్న తీరే మారిపోయింది. కాలనీ వాళ్లు కాస్త ముందుకు జరిగారు.

తర్వాత డబ్బు. ఇది చెప్పకుండా కోరికలు అడిగితే సభ జాతర అవుతుంది. 15వ ఆర్థిక సంఘం డబ్బులో నూటికి అరవై వంతులు తాగునీరు, పారిశుద్ధ్యం మీదే ఖర్చు పెట్టాలి. మిగతా నలభైతో ఊరికి ఏది అవసరమైతే అది చేసుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. మట్టి పనులు, దారులు, చెక్‌డ్యాంలు ఉపాధి హామీలోకి పోతాయి. అక్కడ కూలికి అరవై, సామగ్రికి నలభై అన్న నిష్పత్తి ఉంది. బస్సు పంచాయతీ చేతిలో లేదు. ఇంజినీరింగ్ అసిస్టెంట్ నేల మీద సుద్దతో నాలుగు డబ్బాలు గీసి, రాత్రి అట్టముక్కలను ఒక్కోటీ ఏ డబ్బాలో పడుతుందో పెట్టి చూపిస్తాడు. ముందు వరుసలో ఒకాయన అప్పుడు గుర్తించాడు. తోరణం బొమ్మ ఏ డబ్బాలోనూ సరిగా కూర్చోవడం లేదు.

"తోరణం తర్వాత చూద్దాం. రోడ్డు మాత్రం ముందు కావల్ల. మెయిన్ వీధి."

"కాలవ ముందు" అని పట్టాల మీద నుంచి.

"రోడ్డేస్తే కాలవ దానంతట అదే వస్తాది."

"యాడొచ్చింది? వంక కాడ ఆగిపోయింది. మా గుమ్మాల కాడికొచ్చింది."

ఐదు నిమిషాలు రెండు వైపుల నుంచీ మాటలు దూసుకొస్తాయి. ఓట్లు పెడదామని ఎవరో అన్నారు. మీరు చేతులు లెక్కబెట్టడానికి లేవబోతారు. ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఆపుతాడు. "సార్, ఒక్క మాట. రోడ్డు ముందేస్తే రేపు కాలనీ పైపు కోసం మళ్లీ తవ్వల్ల. ముందు పైపు పోవల్ల, తర్వాత కాలవ, ఆ పైన రోడ్డు. ఏది గొప్పదని కాదు, ఏది కింద ఉంటాదని చూడండి."

సభలో కాసేపు గుసగుసలు. ముందు వరుసాయన చార్టు దగ్గరికి నడిచి వేలితో మెయిన్ వీధిని గీస్తూ వంక దాకా పోయి, అక్కడ ఆగి, వెనక్కి చూస్తాడు. "అయితే మా రోడ్డు మూడోది. పట్టికలో ఉంటాదా?" ఉంటుంది. అతను తిరిగి కూర్చున్నాడు. ఎవరూ ఓడలేదు. అవసరాల జాబితాలో ముందు వెనకలు అవసరం తీవ్రతను బట్టే కాదు, ఏ పని మీద ఏ పని ఆధారపడిందో దాన్ని బట్టి కూడా తేలతాయి. ఓట్లు పెట్టి ఉంటే రోడ్డు గెలిచేది. మరుసటి ఏడాది గడ్డపారలు దాన్ని తవ్వేవి.

మిగిలింది మోటార్ల మాట. పొద్దున చూసిందాన్ని మీరు చెప్పాలి. ఎవరింట్లో అన్నది చెప్పరు. బిందె ఎంతసేపట్లో నిండిందో రెండు చోట్ల లెక్క మాత్రం చదువుతారు. షామియానా కింద ఒక్కసారిగా చూపులు నేలకు దిగాయి. ముందు కుర్చీల్లో ఒకరిద్దరు ఫోన్లు బయటకు తీశారు.

సర్పంచమ్మ లేస్తుంది. "మా ఇంట్లోనూ ఉండాది" అంటుంది. భర్త తలెత్తి చూశాడు. "రేపు తీసేస్తాం. వారం టైమిస్తాం అందరికీ. తర్వాత నీళ్లొదిలే అన్న ఊరంతా తిరిగి చూస్తాడు, ఆయనతో వార్డు మెంబర్లు పోతారు. రాసుకో సామీ."

కార్యదర్శి రాస్తాడు. మినిట్స్ పుస్తకంలో తీర్మానం నంబరు, కింద పనుల వరస. కాలనీకి విడి పైపులైను, మురుగు కాలువ, మెయిన్ వీధి రోడ్డు, శ్మశానం దారి, వీధి దీపాలు, అంగన్‌వాడీ గది, చెక్‌డ్యాం. చివర్లో బస్సు. డిపో మేనేజరుకు పంచాయతీ తరఫున అర్జీ. దారి విషయంలో పొలాల వాళ్లతో మాట్లాడాలని, అవసరమైతే తహసీల్దారుకు రాసి సర్వే చేయించాలని చేర్చారు. ఇదంతా తర్వాత ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కుతుంది, ఒక్కో పనికి ఒక్కో కోడ్ పడుతుంది. అక్కడ కొట్టివేతలుండవు, కందిచేను కాడ నిలబెట్టిన ఆ గంటా ఉండదు.

సంతకాలకు పుస్తకం తిప్పబోతుంటే రాత్రి శ్మశానం దారి గురించి చెప్పిన అవ్వ లేస్తుంది. "చదివి వేయించుకో నాయనా వేలిముద్ర. ఊరికే వేయను."

కార్యదర్శి మొదటి నుంచి చదువుతాడు. పని. డబ్బు ఎక్కడిది. అవ్వ చెయ్యి అడ్డం పెడుతుంది.

"ఎవరు చేస్తారో రాయలా?"

"పంచాయతీ చేస్తుంది అవ్వా."

"పంచాయతీ అంటే ఎవరు? మనిషి పేరు రాయి. ఎప్పటికో రాయి. లేకుంటే మళ్లా వచ్చినప్పుడు నేను ఎవరిని అడగల్ల?"

పుస్తకంలో మూడో గడికి చోటు లేదు. కార్యదర్శి స్కేలు తెప్పించి పేజీ అంచున నిలువుగా ఒక గీత గీస్తాడు. పైపులైను పక్కన తన పేరు, మార్చి నెల. దారి పక్కన వార్డు మెంబరు పేరు. కాలువ పక్కన ఇంజినీరింగ్ అసిస్టెంట్ పేరు. బస్సు పక్కన ఏం రాయాలో తోచక ఆగితే డిగ్రీ అమ్మాయి ముందుకొచ్చింది. "అర్జీ నేను రాస్తా సార్. మేం నలుగురమూ సంతకాలు పెడతాం. సోమారం డిపో కాడికి ఎవరొస్తారు మాతో?"

ముందు వరుసలో తోరణం అడిగిన ఆయన చెయ్యెత్తాడు. "నేనొస్తా. మా మనవరాలూ వచ్చే ఏడు కాలేజీకి పోవల్ల."

కార్యదర్శి ఆ గడిలో ఇద్దరి పేర్లూ రాశాడు. అవ్వ ఒక్కో పేరూ చదివించుకుని విన్నాకే స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు ఒత్తింది.